నీలిచుక్క దగ్గర

ఫిబ్రవరి రెండో శనివారం, సాయంత్రం అయిదు గంటలు. మందిరం పక్క గదిలో సంఘ కమిటీ సమావేశం. హాజరైనవారు: ఆరు నెలల క్రితం మా సంఘానికి వచ్చిన కొత్త పాస్టరుగారు, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన కార్యదర్శి ప్రకాశం, నాకంటే మూడేళ్ళు పెద్దవాడైన సంఘ పెద్ద యేసుపాదం అన్నయ్య, రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తూ మందిరంలో కీబోర్డు వాయించే షారోను, మినిట్సు రాయడానికి నేను. రానివారు ఇద్దరు. ఒకరికి జ్వరం, మరొకరు కశింకోటలో పెళ్ళికి వెళ్ళారు. చర్చించవలసిన అంశం ఒకటే. మర్నాడు కోతపండుగ ఆరాధనలో మా సంఘం పాటను వీడియో తీస్తున్నారు. ఆ పాటలో ప్రతి చరణంలోనూ మూడో పాదం కాగానే అందరం ఒక్క క్షణం ఆగుతాం. ఆ ఆగడం ఉంచాలా, తీసెయ్యాలా?

ఇంత చిన్న విషయానికి కమిటీ ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. నేను కూడా అలాగే అనుకుని ఉండేదాన్ని, గురువారం నాడు ఆ గుడ్డచుట్ట దొరక్కపోతే. మందిరం పైకప్పు కారుతోందని పెంకులు తీయించి రేకులు వేయిస్తున్నారు. అటక మీది సామానంతా కిందికి దించారు. పాత కొయ్య కుర్చీలు, చిల్లుపడ్డ డోలక్కు, క్రిస్మస్ నక్షత్రాల వెదురు చట్రాలు, వాటి వెనకాల నిలువెత్తు రేకు గొట్టం. గొట్టంలో గుడ్డ. పాస్టరుగారు ఇద్దరు పనివాళ్ళ చేత పట్టించి దాన్ని విప్పించారు. వాకిలి పొడవునా పరుచుకుంది. నల్లటి అక్షరాలు, ఒక్కొక్కటి బెత్తెడు. పదహారు పాదాలు, నాలుగు చరణాలు. గంజి, తుమ్మజిగురు, పాత మసి కలిసిన వాసన ఒక్కసారిగా లేచింది. పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నేను కుర్చీ వేయించుకుని కూర్చున్నాను, మోకాళ్ళ నొప్పి అని చెప్పి.

అది మా దేవదానం చిన్నాన్న రాసిన గుడ్డ. మా నాన్నకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే వీధివైపు గదిలో ఉండేవాడు. ఊళ్ళో ఆయన పని బోర్డులు రాయడం. బెల్లం మార్కెట్లో ఆ రోజుల్లో ఏ కొట్టు ముందు నిలబడినా తలెత్తితే చిన్నాన్న చేతిరాతే. వెంకటేశ్వరుడి పేరుతో ఉన్న కొట్టయినా, నూకాలమ్మ పేరుతో ఉన్న కొట్టయినా, ముందు బోర్డు తడిగుడ్డతో తుడిచి, ఒక నిమిషం కళ్ళు మూసుకుని, తర్వాతే కుంచె ముంచేవాడు. ఏం ప్రార్థన చేస్తావని అడిగితే, "అచ్చరాలు ఒంకర పోకండా ఉంటే సాలని అడుగుతాను" అనేవాడు. ఆయన గది తలుపు తీస్తే టర్పెంటైను వాసన, దానికి తోడు మార్కెట్టు వైపునుంచి వచ్చే బెల్లం వాసన. ఈ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు ఎవరికీ చెప్పలేను. మా అమ్మకు ఆ వాసనకు తలనొప్పి వచ్చేది. నాకు మాత్రం ఇవాళ్టికీ ఎక్కడైనా కొత్తగా రంగు వేస్తుంటే తీపి గుర్తుకొస్తుంది.

శనివారం మా ఇంట్లో గుడ్డ రోజు. పాటల పుస్తకాలు కొనుక్కోగలిగినవాళ్ళు సంఘంలో పదిమంది కూడా ఉండేవారు కాదు. కొన్నా చదవగలిగినవాళ్ళు ఇంకా తక్కువ. అందుకని చిన్నాన్న కొత్త పాట నేర్పవలసి వచ్చినప్పుడల్లా ముతక గుడ్డ మీద పెద్ద అక్షరాలతో రాసి మందిరం గోడకు వేలాడదీసేవాడు. ఆ గుడ్డకు గంజి పెట్టే పని మా నాయనమ్మది. అన్నం వార్చిన గంజిని రెండు రోజులు దాచేది. దాన్ని వడగట్టి, గుడ్డను ముంచి, పిండకుండా దండెం మీద వేసి, నాలుగు మూలలా ఇటుకలు కట్టేది, ముడతలు పడకుండా. బోర్డులకు వాడే ఎనామిల్ రంగు గుడ్డకు పనికిరాదు, చుట్టేసరికి పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోతుంది. కాబట్టి చిన్నాన్న దీపపు మసిని తుమ్మజిగురులో నూరి సిరా చేసుకునేవాడు. సుద్దదారం అటొకళ్ళం ఇటొకళ్ళం పట్టుకుని లాగి వదిలితే గీత పడేది. నాయనమ్మకు ఆ టప్పుమనే చప్పుడంటే సరదా. ప్రతి గీతకూ "ఇంకోటి కొట్రా" అనేది. ఆ వెంటనే కొడుకుని దెప్పేది కూడాను. "ఊళ్ళో అందరి కొట్లకీ పేర్లెడతావు. నీ పేరెట్టడానికి ఓ పిల్లనైనా తేలేవు. ఆ హార్మోనీనే కాపరానికి తెచ్చుకున్నావు" అని.

హార్మోనియం సంగతి కూడా చెప్పాలి. దాని తిత్తి ఒక మూల చినిగి, సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఉండేది. గాలి కొట్టినప్పుడల్లా సన్నగా ఈల వేసేది. ఆ ఈలకు తగ్గట్టు శ్రుతి పెట్టుకోవడం మా సంఘమంతా నేర్చుకుంది. చిన్నాన్నకు సంగీతం నేర్పింది ఎవరో నాకు తెలియదు. ఎప్పుడడిగినా ఒక్కొక్కసారి ఒక్కొక్క పేరు చెప్పేవాడు, ఒకసారి భజన మేళంలో ముసలాయన అని, ఒకసారి నాటకాల కంపెనీలో హార్మోనిస్టు అని. మా సంఘం పాట మాత్రం ఆయన సొంతంగా కట్టినదే. కోతపండుగకు చెరకు గెడలూ గుమ్మడికాయలూ బెల్లం దిమ్మలూ మోసుకొచ్చి ప్రభువు బల్ల ముందు పెడుతూ పాడుకోవడానికి కట్టాడు. మొదటి చరణం ఇది:

చాళ్ళు చాళ్ళుగా నీ దయ మొలిచె
వాన వానకూ నీ మాట నిలిచె
ఎండిన గొంతుకు నీళ్ళిచ్చినావు
నిండిన గాదెకు నీవే యజమాని

డైరీ రాయడం కూడా నాకు ఆయన పెట్టిన అలవాటే. బెల్లం వర్తకులెవరో ఇచ్చిన డైరీ ఒకటి ఏడాది దాటిపోయాక, ఒక్క పేజీ కూడా రాయనిది, నా చేతిలో పెట్టాడు. పాత సంవత్సరానిది గనక వారాలు కలవవు. కూర్చుని మూడువందల అరవై అయిదు పేజీల్లోనూ వారం పేరు కొట్టేసి, పక్కన సరైన వారం రాశాను. అది చూసి చిన్నాన్న, "ఇంత ఓపికున్నదానివి నువ్వు బతికిపోతావే" అన్నాడు. తర్వాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్ళు ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోను చేశారో రాస్తూనే బతికాను. ఇప్పటికీ రోజూ రాస్తాను. వర్షం పడిందా, ఎవరొచ్చారు, ఏం కూర. దాచుకోవడానికే తప్ప ఎవరికీ చూపించడానికి రాయలేదు. ఈ ఫిబ్రవరి దాకా ఒక్క డైరీ కూడా ఎవరికీ ఇవ్వలేదు.

బుధవారం పొద్దు గుంకే వేళకు మందిరంలో పాటల తరగతి జరిగేది. గానుగల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు చేతులు కడుక్కుని తిన్నగా అక్కడికే వచ్చేవారు. చేతులు కడుక్కున్నా మోచేతుల దాకా బెల్లం మడ్డి జిగురు ఉండేది. చాపల మీద కూర్చుంటే ఈగలు ముసిరేవి. చిన్నాన్న హార్మోనియం ముందు కూర్చుని గుడ్డ చూపించలేడు కాబట్టి ఆ పని నాది. పదహారేళ్ళదాన్ని, ఎస్సెల్సీ పాసై ఇంట్లో ఉన్నాను. వెదురు పుల్ల పట్టుకుని గోడ పక్కన నిలబడి, ఏ మాట పాడాలో ఆ మాట కింద పుల్ల ఉంచాలి. చదవడం రానివాళ్ళు కూడా ఆ పుల్లను పట్టుకుని పాడేసేవారు. పుల్ల కదిలితే గొంతు కదిలేది, పుల్ల నిలిస్తే గొంతు నిలిచేది. కొన్ని నెలలు తిరిగేసరికి ఆదివారం ఆరాధనలో కూడా నేను పుల్ల పట్టుకుంటే తప్ప పాట నడవని స్థితి వచ్చింది. మగవాళ్ళు కూడా, అప్పటికే చదువు వచ్చినవాళ్ళు కూడా, అక్షరాల్ని చూడడం మాని పుల్లనే చూసేవారు. చిన్నాన్నకు ఇది నచ్చేది కాదు. "సదువుకోండర్రా అని అచ్చరాలు రాత్తే, పుల్లని సదవడం నేర్సుకున్నారు" అని నవ్వేవాడు.

ఆడవాళ్ళలో రెండో స్తంభానికి ఆనుకుని కూర్చునే ఆమె నూకాలు. బాప్తిస్మం పేరు మరియమ్మ. ఆ పేరుతో పిలిస్తే పలికేది కాదు, మరచిపోయేది. యాభై ఏళ్ళు ఉండేవేమో. పిల్లలు లేరు, భర్త లేడు. గానుగ దగ్గర బెల్లం పొయ్యిలోకి ఎండు చెరకుపిప్పి ఎగదోసే పని. సీజను నాలుగు నెలలూ ఆ పొగలోనే. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆమెకు దగ్గు వచ్చేది కాదు, ఆమె దగ్గులోనే ఉండేది. అయినా గొంతు ఎంత బాగుండేదంటే, పై స్థాయి అందుకోవలసి వచ్చినచోట చిన్నాన్న హార్మోనియం మీద వేలు ఎత్తేసి ఆమెకు వదిలేసేవాడు. రెండు పాదాలు బ్రహ్మాండంగా పాడేది. మూడో పాదం చివరికి వచ్చేసరికి ఊపిరి చాలేది కాదు. నాలుగో పాదం అందరూ ఎత్తుకునేసరికి ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయి ఉండేది. మళ్ళీ రెండో చరణానికి లేచేది.

ఆ సంవత్సరం కోతపండుగ నాడు నేను గోడ పక్కన నిలబడి పుల్ల జరుపుతున్నాను. మూడో పాదం అయింది. రెండో స్తంభం వైపు చూశాను. నూకాలు కొంగు కోసం వెతుక్కుంటోంది. నా చెయ్యి ఆగిపోయింది. ఆమె ఊపిరి తీసుకోవాలి అనుకున్నానే తప్ప, నా చేతిలో పుల్ల ఉందనీ, దాని మీద అంతమంది కళ్ళున్నాయనీ ఆ క్షణాన గుర్తులేదు. మందిరం మొత్తం ఆగిపోయింది. హార్మోనియం కూడా ఆగింది. ఎక్కడో ఒక పిల్లాడు ఒక్కడూ నాలుగో పాదం ఎత్తుకుని, ఎవరూ తోడు రాకపోయేసరికి నోరు మూసుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో నూకాలు ఊపిరి పీల్చుకోవడం అందరికీ వినిపించింది. నేను గబుక్కున పుల్ల జరిపాను. ఆమె అందరితోపాటు నాలుగో పాదం ఎత్తుకుంది. ఆమె నాలుగో పాదం పాడగా వినడం నాకు అదే మొదటిసారి.

ఆరాధన అయ్యాక చిన్నాన్న ఏమంటాడోనని భయపడ్డాను. ముందు వచ్చింది నూకాలు. కోపంగా వచ్చింది. "నా కోసం ఆపేవా, పాపా? నాకు తెల్దనుకున్నావా? అందరూ నాకేసే సూసేరు. రోగిష్టిదాన్ని సేసీసేవు. ఇంకోపాలి అలా ఆపితే నేను గుడికే రాను" అంది. నాకు ఏడుపొచ్చింది. చిన్నాన్న హార్మోనియం మూత వేస్తూ అంతా విన్నాడు.

ఆ వచ్చే శనివారం గుడ్డను మళ్ళీ విప్పించాడు. బట్టలకు పెట్టే నీలిమందు రెండు చుక్కల జిగురులో కలిపి, ప్రతి చరణంలోనూ మూడో పాదం చివర చింతగింజంత నీలిచుక్క పెట్టాడు. నాలుగు చరణాలు, నాలుగు చుక్కలు. బుధవారం తరగతిలో అందరికీ చెప్పాడు, ఇక్కడ పాట ఒక్క క్షణం ఆగుతుంది, కట్టినప్పుడే అలా కట్టాను, రాయడం మరిచిపోయాను అని. తప్పు తన మీద వేసుకున్నాడు. నూకాలు అనుమానంగా చూసింది. చిన్నాన్న ఆమెను ఇంకా గట్టిగా పాడమని గదమాయించాడు. ఇంటికి వస్తూ నాతో అన్నాడు. "నువ్వు ఆపేవు, నేను రాసేను. ఇంక అది పాటలోదే. ఎందుకని ఎవులైనా అడిగితే సెప్పకు. సెప్తే మళ్ళీ ఆవిడికేసే సూత్తారు. డైరీలో రాసుకో, అంతే." నేను సరేనన్నాను. ఇంటికి వెళ్ళి రాసుకున్నాను.

కొన్నాళ్ళకు అప్పటి పాస్టరు పెద్దయ్యగారు, గుడ్ ఫ్రైడే నాడు, ఆ నిశ్శబ్దం గురించి ప్రసంగం చేశారు. ఎండిన గొంతుకు నీళ్ళిచ్చినావు అన్న పాదం తర్వాత సంఘమంతా ఆగడం, సిలువ మీద ప్రభువు పడ్డ దాహాన్ని తలచుకోవడానికేనట. ఎంత బాగా చెప్పారంటే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, నూకాలుతో సహా. చిన్నాన్న తలవంచుకుని హార్మోనియం మెట్లు ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక నేను, ఇప్పుడేం చేద్దాం, అయ్యగారు అబద్ధం చెప్పినట్టయింది కదా అని అడిగాను. ఆయన చాలాసేపు నవ్వి, తర్వాత నవ్వు ఆపి అన్నాడు. "అబద్ధం కాదే. నూకాలుకి దాహవైతే ఆయనకైనట్టు కాదా?" అది కూడా ఆ రోజు డైరీలో రాసుకున్నాను, నీలిచుక్క సంగతి రాసిన పేజీకి కొన్ని పేజీల తర్వాత.

నూకాలు ఇంకో ఆరేళ్ళు పాడింది. ఆమె సమాధి మీది చెక్క సిలువకు పేరు చిన్నాన్నే రాశాడు, బ్రాకెట్టులో నూకాలు అని కూడా. ఊళ్ళో మావాళ్ళ సమాధుల మీది పేర్లన్నీ ఆయనే రాసేవాడు. ఆయన పేరు మాత్రం ఆయన రాసుకోలేకపోయాడు. ఎవరో ఫ్లెక్సీ ప్రింటు తీయించి కట్టారు, వానకు వెలిసిపోయింది. ఆయన రాసిన కొట్ల బోర్డులు కూడా ఒకటొకటే పోయాయి. గుడ్డల బదులు పుస్తకాలొచ్చాయి, పుస్తకాల తర్వాత గోడమీద తెర వచ్చింది. తెరమీద మాటలు వాటంతటవే జరిగిపోతాయి. అందుకున్నవాళ్ళు అందుకుంటారు. ఫోన్ల సంగతీ అంతే, ఇప్పుడు వాటంతటవే కలుస్తాయి. ఒకప్పుడు మా ఎక్స్ఛేంజిలో లైను కలిసే దాకా రెండు వైపులా మనుషుల్ని పట్టి ఉంచడమే పని. అప్పుడు అంతా బాగుండేదని నేను అనను. నూకాలుకు ఇప్పుడైతే ల్యాబులో పరీక్ష చేసి, పీల్చుకునే మందు ఇచ్చేవారు. ఆమె ఇంకో ఇరవై ఏళ్ళు పాడేది. కానీ మా సంఘంలో ఇన్ని మారినా, కోతపండుగ పాటలో మూడో పాదం తర్వాత ఆగడం మాత్రం మారలేదు. ఎందుకో తెలియని పిల్లలు కూడా ఆగుతారు.

మళ్ళీ శనివారం సమావేశానికి వస్తాను. ప్రకాశం మాట మొదలుపెట్టాడు. వీడియో కోసం షారోను రిథమ్ ప్యాడ్ మీద తాళం పెట్టింది, తాళం ఒకసారి మొదలయ్యాక ఆగదు, మనం ఆగితే తాళం మనల్ని దాటిపోతుంది, చూసేవాళ్ళకు తప్పు పాడినట్టుంటుంది అన్నాడు. గుడ్డమీది నీలిచుక్కలు ఎలుకలో తేమో చేసిన మరకలనీ, వాటికి అర్థం లేదనీ కూడా అన్నాడు. పాస్టరుగారు గుడ్డను అలంకారంగా గోడకు వేలాడదీద్దాం, పాట మాత్రం ఇప్పటి పద్ధతిలో పాడుకుందాం అన్నారు. యేసుపాదం అన్నయ్యకు కోపం వచ్చింది. చేతికర్ర నేలకు కొట్టాడు.

"ఆ ఆగడం ప్రభువు దాహానికి గురుతు. పెద్దయ్యగారి నోట నేను యిన్నాను. నా పిల్లలకి సెప్పేను, మనవలకి సెప్పేను. నువ్వొచ్చి తాళం కోసం తీసీమంటావేటి?" అన్నాడు ప్రకాశంతో. ఆ తర్వాత నావైపు తిరిగాడు. "సుగుణమ్మా, దేవదానం సిన్నాన్న ఆ సుక్కలెట్టినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. రోజూ రాత్తావు కదా. నీ డైరీలో ఏముందో సెప్పు. దాంతో తేలిపోద్ది."

డైరీ నా సంచిలోనే ఉంది. గుడ్డ దొరికిన రోజునే వెతికి తీసి పెట్టుకున్నాను. అవునన్నయ్యా, ప్రభువు దాహం కోసమే అంటే సరిపోయేది. పాట నిలిచేది, చిన్నాన్నకు ఇచ్చిన మాట కూడా నిలిచేది. కానీ రాసుకున్నది ఒకటీ నోటితో చెప్పేది ఒకటీ అయితే ఇన్నేళ్ళ రాతకు అర్థం ఏముంది? నూకాలు వైపు చూసేవాళ్ళు ఇప్పుడు లేరు, చూడడానికి ఆమే లేదు. కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ చదివాను. పుల్ల ఆగడం, నూకాలు కోపం, నీలిమందు, చింతగింజంత చుక్కలు. అన్నీ. చదువుతుంటే నా గొంతే నాకు పదహారేళ్ళ పిల్ల గొంతులా అనిపించి, మధ్యలో ఒకసారి ఆగవలసి వచ్చింది.

యేసుపాదం అన్నయ్య మొహం చూడలేకపోయాను. "అయితే ఇన్నేళ్ళూ మనం ఒక ఆడమనిషి దగ్గు కోసం ఆగేవా?" అన్నాడు నెమ్మదిగా. ప్రకాశం మంచివాడే గాని ఊరుకోడు. "అయితే ఇంక అడ్డవేటుంది? దేవుడి కారణం లేదని తేలిపోయింది కదా" అన్నాడు. షారోను ఒక్కతే వేరే ప్రశ్న అడిగింది. "ఆవిడ ఎక్కడ కూర్సునేవారండీ?" రెండో స్తంభం దగ్గర అని చెప్పాను. ఆ పిల్ల కిటికీలోంచి మందిరంలోకి తొంగి చూసింది.

తీర్మానం నేనే రాశాను. రేపటి ఆరాధనలో కోతపండుగ పాటను మూడో పాదం తర్వాత ఆగకుండా పాడవలెను. ముగ్గురు అవునన్నారు, నేను కాదన్నాను, యేసుపాదం అన్నయ్య ఏదీ అనలేదు. ఆయన లేచి కర్ర ఊతంగా గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి వచ్చి చెయ్యి చాపాడు. "ఆ పుస్తకం ఓపాలియ్యి. నా కళ్ళతో సదువుకుంటాను." నా డైరీ ఇంతకుముందు ఎవరి చేతికీ వెళ్ళలేదని చెప్పాను కదా. ఇచ్చాను.

మర్నాడు ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆరాధన మొదలైంది. ఎండ బాగా ఉంది. బల్ల ముందు చెరకు గెడలు, అరటి గెల, గుమ్మడికాయలు, తాటాకు బుట్టలో కొత్త బెల్లం. కుడివైపు గోడకు చిన్నాన్న గుడ్డ వేలాడుతోంది. వీడియో తీసే అబ్బాయిలిద్దరు మూడు కాళ్ళ స్టాండు పెట్టారు. నేను గోడ పక్క వరసలో కూర్చున్నాను. యేసుపాదం అన్నయ్య మాత్రం ఇంకా రాలేదు. రాడేమో అనుకున్నాను. మొదటి పాట మధ్యలో వచ్చి, నా వరసలోనే మగవాళ్ళ వైపు చివర కూర్చున్నాడు. డైరీ చంకలో ఉంది.

కోతపండుగ పాట మొదలైంది. షారోను తాళం పెట్టింది. ఒకటి, రెండు, మూడు పాదాలు. ఆగవద్దని పాస్టరుగారు ముందే చెప్పినా, అందరూ ఆగారు. ఎదురుతిరిగి కాదు, అలవాటుకొద్దీ. యంత్రం ఒక్కటే టకటకా కొట్టుకుంటూ పోయింది. కొందరు నవ్వారు. రెండో చరణానికి సగంమంది గుర్తుంచుకుని ఆగకుండా వెళ్ళిపోయారు, సగంమంది ఆగారు. పాట చీలిన చెరకు గెడలా రెండుగా అయిపోయి, నాలుగో పాదం చివర ఎక్కడో కలిసింది. ప్రకాశం వెనక్కి తిరిగి చేతులూపాడు. షారోను వేళ్ళు మెట్ల మీద ఉన్నాయిగాని ఏం చెయ్యాలో తెలియక బిక్కమొహం పెట్టింది. తాళం నడుస్తూనే ఉంది, మూడో చరణం ఎవరూ ఎత్తుకోవడం లేదు.

యేసుపాదం అన్నయ్య లేచి నా దగ్గరికి వచ్చాడు. డైరీ నా ఒళ్ళో పెట్టాడు. "తర్వాత పేజీలు కూడా సదివేను" అన్నాడు. "సిన్నాన్న సెప్పింది నిజవే. దాహం ఎవులిదైతేనేటి." ఆ మాట అని తన చేతికర్ర నాకు అందించాడు. "పట్టుకో సెల్లీ. పాట సెడిపోతంది."

లేచాను. గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాను. గుడ్డ పక్కన నిలబడి కర్ర ఎత్తి మూడో చరణం మొదటి మాట కింద ఉంచాను. ఏదో క్లిక్కుమంది. చూస్తే షారోను తాళం ఆపేసింది. చేతుల్తోనే వాయించడం మొదలుపెట్టింది, నావైపే చూస్తూ. ముసలివాళ్ళు ముందు గుర్తుపట్టారు, వాళ్ళ చూపులు తెర మీంచి కర్ర మీదికి వచ్చాయి. తర్వాత పిల్లలు. ఒక్కొక్క మాటా జరిపాను. కర్ర వెదురు పుల్ల కాదు, బరువుగా ఉంది. మూడో పాదం చివర నీలిచుక్క, ఇన్నేళ్ళకు బూడిదరంగుకు తిరిగింది. అక్కడ ఆపాను. మందిరం అంతా ఆగింది. వందమంది ఒకేసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

రెండో స్తంభం వైపు చూశాను, పాత అలవాటు. అక్కడ ఎవరో చిన్న పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి. దగ్గేవాళ్ళు ఎవరూ లేరు. అందరి కళ్ళూ కర్ర మీద ఉన్నాయి. నాకు ఊపిరి అందేదాకా ఉంచి, జరిపాను.